గేటు లోపలి దేవిశ్రీ

"నా ఆధార్ కాగితం ఎవరికిచ్చావు నాన్నా?"

దేవిశ్రీ ఈ ప్రశ్న అడగడం అది నాలుగోసారి. నాలుగోసారి కూడా సూర్యం చాయ్ గ్లాసులోకే చూశాడు, జవాబు అడుగున ఉన్నట్టు.

"ఎవులికీ ఇవ్వలేదంటన్నాను కదే. నీ కాగితాల్తో నాకేటి పని? నా గేటు పాసే నాకు కనబడి సావదు."

"ఎవరూ ఇవ్వకపోతే వాళ్లకెలా వెళ్తుంది? చూడు. నువ్వే చూడు."

ఫోను తండ్రి ముఖం ముందుకు తోసింది. సూర్యానికి ఇంగ్లీషు రాదు. అయినా కళ్లు చిట్లించి చూశాడు. కూతురి పేరొక్కటే పోల్చుకోగలిగాడు.

మొన్నటిదాకా ఆ ఫోను ఆ ఇంట్లో దేవుడి పటంతో సమానం. పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, ఫీజు లేకపోగా నెలనెలా అసిస్టెంట్‌షిప్ ఇస్తారనీ, కింది తరగతుల వాళ్లకి ల్యాబులో పాఠం చెబుతూ తన చదువు తాను సాగించుకోవచ్చనీ కబురు మోసుకొచ్చింది అదే. సిద్ధగోరాలో వాళ్ల వీధి మొత్తానికీ దాలమ్మ బూందీ పంచిపెట్టింది. సూర్యం వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి దేవిశ్రీ.

ఈ ఉదయం అదే ఫోను మాట మార్చింది.

"మీ ఆధార్ మీద పీఎఫ్ ఖాతా నడుస్తోంది, మూడేళ్లుగా మీరు ఆదిత్యపూర్‌లో పూర్తికాలం ఉద్యోగం చేస్తున్నారు, ఉద్యోగం చేసేవాళ్లకి అసిస్టెంట్‌షిప్ ఇవ్వం అంటున్నారు," అంది దేవిశ్రీ. ఒక్కో మాటా పట్టి పట్టి పలికింది. "ఈ సాయంత్రం ఐదింటిలోగా నోటరీ కాగితంతో సంజాయిషీ పంపాలి. లేకపోతే సీటు తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది."

"నువ్వు ఉజ్జోగం సేసినావా?"

"నాన్నా!"

"మరి కాదని రాసీ. అయిపోద్ది కదా."

"నోటితో కాదంటే చాలదు. మూడేళ్లపాటు నెలనెలా పీఎఫ్ కట్టారు నా పేరు మీద. నూకాలమ్మ ఇంజినీరింగ్ వర్క్స్ వాళ్లు."

గ్లాసు సూర్యం నోటిదాకా వెళ్లి అక్కడే ఆగింది.

"పోలరాజుదా?"

"పోలరాజు మావయ్యదే."

పోలరాజు వాళ్ల ఊరివాడు. టెక్కలి నుంచి ఈ ఉక్కు ఊరికి సూర్యంతో ఒకే రైలెక్కి వచ్చినవాడు. సూర్యం పెద్ద కర్మాగారంలో బరువులకి తాళ్లు కట్టి ఎత్తించే కాంట్రాక్టు రిగ్గర్‌గా మిగిలిపోతే, అతను ఆదిత్యపూర్‌లో బోల్టుల షెడ్డు పెట్టి కారు కొన్నాడు. అంతకన్నా ముఖ్యంగా, దేవిశ్రీ డిగ్రీ చివరి యేడు నుంచి ఎమ్మెస్సీ అయ్యేదాకా, మూడేళ్లుగా నెలనెలా స్కాలర్‌షిప్ ఇప్పిస్తున్నది అతనే. మన తెలుగువాళ్ల సంఘం తరఫున, తెలివైన ఆడపిల్లలకి అని.

"స్కాలర్‌షిప్‌కని అమ్మ నా ఆధార్ నకలు ఇచ్చింది కదా, అప్పట్లో," అంది దేవిశ్రీ మెల్లగా. "దాంతో నన్ను పనివాళ్ల రోల్ మీద ఎక్కించేశాడు. లేని మనిషిని ఉన్నట్టు చూపించి జీతం తినడం కాంట్రాక్టర్లకి కొత్తా?"

"ఆడు అలాటోడు కాడే."

"ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేత్తో నా పేరు అమ్ముకున్నాడు నాన్నా. పద. మొహం మీదే అడుగుతాను."

"మీ యమ్మకి సెప్పీసి ఎల్దాం."

"అమ్మ పనిలో ఉంటే ఫోనెత్తదు, నీకు తెలీదా?"

అదీ నిజమే. దాలమ్మ తెల్లారి ఆరింటికే ఆగ్రికోలో ఏదో హాస్టల్‌కి వంటకి వెళ్తుంది. వెళ్తే సాయంత్రమే.

---

ఖర్కాయి వంతెన మీద లారీలు ఆగిపోయి ఉన్నాయి. సూర్యం స్కూటరు సందుల్లోంచి దూర్చాడు. వెనక కూర్చున్న దేవిశ్రీ పోలరాజుని అడగాల్సిన మాటలు వరసగా కూర్చుకుంటోంది. మావయ్యా అనాలా, పోలరాజుగారూ అనాలా అన్న దగ్గరే తేలలేదు.

నూకాలమ్మ వర్క్స్ గేటు దగ్గర ముసలి గార్డు, సాహబ్ అరగంటలో వస్తారని చెప్పి, పేరు రాసుకోడానికి రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

"సాహబ్ ఆధే ఘంటే మే ఆయేంగే. నామ్ బోలో."

"దేవిశ్రీ."

గార్డు కలం ఆగింది. కళ్లద్దాల పైనుంచి ఆమెను చూసి, పళ్లులేని నోటితో నవ్వాడు.

"ఏక్ ఔర్ దేవిశ్రీ? హమారీ దేవిశ్రీ మౌసీ తో సుబహ్ సే అందర్ హై."

ఇంకో దేవిశ్రీయా, మా దేవిశ్రీ పిన్ని పొద్దుట్నుంచీ లోపలే ఉంది అన్నాడు అతను, ఎంతో మామూలుగా, తమాషాగా.

దేవిశ్రీ గేటు సందులోంచి లోపలికి చూసింది. లేని మనిషి కాదు. ఉంది. తన పేరు మెడలో వేసుకుని, తన అంకెలు చెప్పుకుని, ఈ గోడకి అవతల ఒక మనిషి నిజంగానే బతుకుతోంది.

"బులాయియే ఉన్‌కో," అంది, ఆమెని పిలవమని.

"అరే, దేవిశ్రీ మౌసీ కో భేజో!"

ఆ కేక రేకుల షెడ్డులోకి వెళ్లింది. లోపల ఇంకెవరో అందుకున్నారు. దేవిశ్రీ మౌసీ, దేవిశ్రీ మౌసీ అని తన పేరు యంత్రాల చప్పుడు మధ్యనుంచి నలుగురి నోళ్లు మారుతుంటే, దేవిశ్రీ గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. వచ్చే ఆ దొంగని ఏమనాలో సిద్ధం చేసుకుంది.

ముందు నడక కనిపించింది. ఎడంకాలు కొంచెం పక్కకి పడే నడక.

తర్వాత పసుపుపచ్చ హెల్మెట్. చీర మీద మగవాళ్ల నీలం చొక్కా. చేతులకి నూనె మరకల తొడుగులు. ఎడమచేతి తొడుగుకి ఖాళీగా ఉన్న చిటికెన వేలు మడిచి దారంతో కట్టేసి ఉంది. మెడలో గేటు పాసు. దాని మీద పేరు దేవిశ్రీ. ఫోటో దాలమ్మది.

సూర్యం స్కూటరు స్టాండు వేయడం మరిచి చెయ్యి వదిలేశాడు. అది పక్కకి ఒరిగి ధడేలున పడింది. ఎవరూ ఎత్తలేదు.

దాలమ్మ కూతుర్ని చూసింది. మొగుణ్ణి చూసింది. తల మీది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది.

"సారు గిన్నెకి మూతెట్టి వచ్చినాను," అంది. "తిన్నారా?"

---

గేటు పక్క చాయ్ బండి బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. ముందు సూర్యం అడిగాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్లు."

"వంటకెల్తన్నానన్నావు."

"వంటే. బోల్టులు వండుతన్నాను." దాలమ్మ తొడుగులు విప్పి ఒళ్లో పెట్టుకుంది. "మర సరిగా పడిందో లేదో సూసి, లెక్కెట్టి, పెట్టిలో ఎట్టడం. మరేటి బరువు పని కాదులే."

"ఏలెలా పోయినాది?"

"అది పెస్సు మిసన్లో పడ్డాది."

"తలుపు సందులో పడ్డాదన్నావు!"

"అదీ సందే కదా."

సూర్యం లేచి నిలబడ్డాడు. "మా ఇంటి ఆడది కార్ఖానా గేటు దాటదని నాను పదిమందిలో అన్నానా లేదా?"

"అన్నావు. అన్నోడివి పీజు కట్టినావా?"

సూర్యం కూర్చున్నాడు.

"అమ్మా," అంది దేవిశ్రీ. "పని చేసుకో. తప్పేముంది? నీ పేరు మీద చేసుకోవచ్చు కదా. నా పేరెందుకు?"

"నా కాగితం సూసి గేటు పాసు ఇవ్వలేదమ్మా. నువ్వు అరవైయేళ్ల ముసల్దానివి, పనికి పెట్టుకుంటే మాకు మాటొత్తాది అన్నారు. అరవై ఎవులు సేసినారు నన్ను? అడుగు మీ నాన్నని."

ఆ కథ వీధంతా ఎరుగును. ఆధార్ క్యాంపులో బల్ల దగ్గర పుట్టిన యేడు అడిగితే దాలమ్మ 'తుపాను వచ్చిన యేడు' అంది. ఏ తుపాను అని అడిగారు. సూర్యం పెద్దరికంగా ముందుకొచ్చి, తన తండ్రి చెప్పుకునే తుపాను యేడు రాయించేశాడు. దాలమ్మ తల్లి చెప్పిన తుపాను అది కాదు. దాంతో కాగితం మీద పెళ్లాం మొగుడికన్నా పదేళ్లు పెద్దదైపోయింది. సూర్యం అక్కని కట్టుకున్నాడని వీధిలో చాన్నాళ్లు నవ్వుకున్నారు. దాలమ్మ కూడా నవ్వింది. ఇవాళ నవ్వలేదు.

తెల్లకారు వచ్చి ఆగింది. దిగుతూనే పోలరాజు పరిస్థితి గ్రహించినట్టున్నాడు. చుట్టూ చూసి, "లోపలికి రండి బావా. రోడ్డు మీద వద్దు," అన్నాడు.

ఆఫీసు గదిలో ఏసీ చప్పుడొక్కటే. దేవిశ్రీ కూర్చోలేదు.

"మావయ్యా, స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని నా ఆధార్ తీసుకుని, మా అమ్మని నా పేరుతో..."

"ఏ స్కాలర్‌షిప్పు తల్లీ?"

పోలరాజు అడిగింది దేవిశ్రీని. చూసింది దాలమ్మ వైపు. దాలమ్మ గోడ మీది కేలండరు చూస్తోంది.

"సంఘం ఇస్తుంది కదా. నెలనెలా. మీ కంపెనీ ఖాతాలోంచి నా ఖాతాలో పడుతుంది."

పోలరాజు సొరుగు లాగి, మడతలు పడ్డ కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. దేవిశ్రీ గుర్తుపట్టింది. తన చేతిరాతే. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో, స్కాలర్‌షిప్ ఇస్తున్నందుకు కృతజ్ఞతలు చెబుతూ ఇంగ్లీషులో రాసిన ఉత్తరం.

"ఇంకోల సేత సదివించుకున్నాను. సదివినాక రెండ్రోజులు అన్నం సయించలేదు," అన్నాడు పోలరాజు. "సంఘం లేదు, స్కాలర్‌షిప్పూ లేదమ్మా. దసరాకి టెంటు వెయ్యడానికే సందాలు రావు మనోలకి. అది మీ యమ్మ జీతం. నీ పేరు మీద పని సేసింది కాబట్టి నీ ఖాతాలో పడ్డాది. అంతే."

"అప్పుడే చెప్పాల్సింది కదా!"

"సెప్తానన్నాను. మీ యమ్మ నా కాళ్లట్టుకుంది. జీతమంటే మా గుంట సదువు మానేసి నన్ను ఇంట్లో కూకోబెడతాది, స్కాలర్‌షిప్పంటే తలెత్తుకుని సదువుకుంటాది అంది. నానేటి సేసీది?"

దేవిశ్రీ గోడకి ఆనుకుంది.

ఒక నెల స్కాలర్‌షిప్ తగ్గింది. నిరుడు వానాకాలం. పదిరోజుల డబ్బు కోసేశారు. పుస్తకాలకి చాలక ఆ రాత్రి ఇంట్లో చిర్రుబుర్రులాడింది. ఇదేం సంఘం, ఇచ్చేదేదో సరిగ్గా ఇవ్వడం చేతకాదా, ముష్టా ఇది అంది. ఎదురుగా దాలమ్మ కూర్చుని అన్నం వడ్డిస్తోంది. ఎడమ చేతికి తెల్లటి కట్టు. పోనీలే తల్లీ, వచ్చే నెల సరిగా ఇత్తార్లే అంది.

వచ్చే నెల సరిగ్గానే ఇచ్చారు.

ఆ స్కాలర్‌షిప్‌నే పీహెచ్‌డీ దరఖాస్తులో మొట్టమొదటి వరసలో రాసింది. ఇంటర్వ్యూలో ప్రొఫెసరుగారు దాన్ని చూసి, మీ సమాజం మిమ్మల్ని నమ్మింది, అదే పెద్ద అర్హత అన్నారు కూడా. ఇంటికొచ్చి ఆ మాట తల్లికి రెండుసార్లు చెప్పింది. రెండోసారి కూడా దాలమ్మ, అంతకుముందు విననట్టే, మొదటినుంచీ విన్నది.

"ఇప్పుడేటి మార్గం?" సూర్యం అడిగాడు.

పోలరాజు రెండు వేళ్లు చూపించాడు. "ఒకటి. దేవిశ్రీ ఇక్కడ పని సేసింది, మానేసింది అని లెటరు ఇచ్చెత్తాను. ఇప్పుడే."

"అప్పుడు నేను కాలేజీకి వెళ్లినట్టు ఎలా అవుతుంది మావయ్యా? అదే రోజుల్లో అక్కడ హాజరు, ఇక్కడా హాజరు. అసిస్టెంట్‌షిప్ ఒక్కటే కాదు, ఎమ్మెస్సీ కూడా అబద్ధం అంటారు."

"రెండోది, నిజం రాయడం. రాసినావంటే," పోలరాజు గొంతు తగ్గించాడు, "ఒకరి కాగితం మీద ఇంకొకరు పని సెయ్యడం నేరం. నామీద కేసవుద్ది. ఆ ఏలిముద్రలు, సంతకాలు అన్నీ మీ యమ్మవి. ముందు ఆమెనే అడుగుతారు."

"రాయించు," అంది దాలమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏటలా సూత్తారు? నీ పేరు మూడేళ్లు వాడుకున్నానే పాపా. మాసిపోకుండానే ఉంచినాను. ఒక్క రోజు లేటు లేదు, ఒక్క పెట్టి లెక్క తప్పలేదు. కావలిత్తే ఈయన్నడుగు. ఇప్పుడు నీ పేరు నీకిచ్చెత్తాను. నన్నేటి సేసుకుంటారో సేసుకోనీ."

"జైల్లో ఎడతారే!" అన్నాడు సూర్యం.

"ఎట్టనీ. రైల్లోలాగే అరవై దాటినోల్లకి కింద పక్కేత్తారంట కదా."

పోలరాజుకి నవ్వొచ్చి మింగేసుకున్నాడు. దేవిశ్రీ నవ్వలేదు, ఏడవలేదు. తల్లి మెడలోంచి గేటు పాసు తీసి, ఫోటోను చాలాసేపు చూసి, బల్ల మీద బోర్లా పెట్టింది.

బయటికి వస్తుంటే పోలరాజు సూర్యం భుజం మీద చెయ్యివేసి వెనక్కి లాగాడు. గేటు దగ్గర ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మాట్లాడింది పోలరాజే; కేసు, జైలు అన్న రెండు మాటలే దేవిశ్రీ దాకా వచ్చాయి. సూర్యం తల వంచుకుని విన్నాడు, మధ్యలో ఒక్కసారి దాలమ్మ వైపు చూశాడు.

ఏమన్నాడని దేవిశ్రీ అడిగితే, "ఏటీ లేదు," అని స్కూటరు ఎత్తాడు.

---

నోటరీ కోసం సాక్చి చేరేసరికి రెండయింది. నోటరీగారి బల్ల ముందు ఎనిమిదిమంది ఉన్నారు. సూర్యం డ్యూటీకి వెళ్లాల్సిన వేళ దాటిపోయింది. ఆ మాట అతనూ ఎత్తలేదు, వాళ్లూ ఎత్తలేదు.

దేవిశ్రీ హిందీలో చెబుతుంటే టైపు చేసే అతను రాసుకుపోయాడు. సూర్యం భార్య దాలమ్మ అనే నేను, నా కుమార్తె ఆధార్ కాగితాన్ని ఆమెకు తెలియకుండా వాడి, ఆమె పేరుతో పని చేశాను. జీతం ఆమె ఖాతాలో పడినా, అది నా కష్టం. ఆమె ఏ ఉద్యోగమూ చేయలేదు.

ఆమెకు తెలియకుండా అన్న చోట దేవిశ్రీ ఆగింది. దాలమ్మ మోచేత్తో పొడిచింది. "ఆగకు. అదే కదా అసలు మాట."

నాలుగవుతుండగా వాళ్ల వంతు వచ్చింది. నోటరీ కాగితం చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఇంకుప్యాడు ముందుకు జరిపి, "అంగూఠా?" అన్నాడు, వేలిముద్ర అని.

దాలమ్మకి రోషం వచ్చింది. "సైన్ ఆతా హై," అంది గట్టిగా, సంతకం వచ్చని. నోటరీ చేతిలోంచి కలం లాగేసుకుని కాగితం మీదికి వంగింది.

ఆ వంగడం చూసి దేవిశ్రీకి మూడేళ్ల కిందటి సాయంత్రం గుర్తొచ్చింది. అమ్మా, నీకు సంతకం నేర్పుతాను, నీ పేరు రాద్దువుగాని అంది తను. దాలమ్మ వినలేదు. నా పేరుతో నాకేటి పని, నీ పేరు రాయడం నేర్పు అంది. తనకి తెలుగు రాయడం రాదు కాబట్టి హిందీ అక్షరాల్లో నేర్పింది. చివరి అక్షరం తిరగడానికి నెల పట్టింది. నా పేరు తప్ప ఇంకో అక్షరం వద్దంది మా అమ్మ అని కాలేజీలో స్నేహితురాళ్లకి చెప్పుకుని పొంగిపోయింది కూడా.

"అమ్మా, ఆగు!"

అప్పటికే దాలమ్మ చివరి అక్షరం తిప్పేసింది. కింద గీత కూడా గీసింది, రోజూ హాజరు మస్టరులో గీసినట్టే.

నోటరీ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. పైన చదివాడు, కింద చదివాడు.

"కాగజ్ దాలమ్మ కా, దస్తఖత్ దేవిశ్రీ కా?" కలం కొసతో ఇద్దరు ఆడవాళ్లనీ చూపించాడు. "ఆప్ దోనో మే దేవిశ్రీ కౌన్ హై?"

కాగితం దాలమ్మది, సంతకం దేవిశ్రీది, మీ ఇద్దరిలో దేవిశ్రీ ఎవరు? దాలమ్మ నాలుక కరుచుకుంది. దేవిశ్రీ నోరు తెరిచింది.

ఆమెకన్నా ముందు వెనకనుంచి సూర్యం మాట్లాడాడు. పోలరాజు గేటు వదిలిన దగ్గర్నుంచి అతను నోరు విప్పడం అదే. హిందీలో, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"కార్ఖానాలో పని చేసింది నా కూతురే సాహబ్. ఈ దాలమ్మ ఏనాడూ ఇల్లు దాటలేదు."

దాలమ్మ చేతిలో కలం అలాగే ఉండిపోయింది.

నోటరీ గడియారం చూసుకున్నాడు. రాసిన కాగితాన్ని అడ్డంగా చింపి, సొరుగులోంచి కొత్తది తీసి బల్ల మీద పరిచాడు.

"తో ఫిర్ లిఖ్‌వాయియే," అన్నాడు, అయితే అలాగే రాయించండని, సూర్యం వైపు చూసి.